నోటినిండా నీళ్లు

సింహాచలం కూర్చున్నాడంటే కుర్చీకి ప్రాణం మీదికి వచ్చినట్టే. ఒక కాలు ఆడుతుంది. దాన్ని చూసి రెండో కాలూ ఆడుతుంది. వేళ్లు కుర్చీ చేతి మీద ఏదో మీట కోసం తడుముకుంటాయి. ముప్పై ఏళ్లకు పైగా గూడ్సు బండి నడిపిన ఒళ్లు అది. చలికాలం చివర్లో దండలు వేసి, డప్పులు కొట్టి, ఇంటిదాకా ఊరేగించి దింపిపోయారు గానీ, ఆ ఒళ్లు మాత్రం ఇంకా బండి దిగలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు రైల్వే ట్రాఫిక్ కాలనీలో తన క్వార్టరు పెరట్లో, జామచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రాయిలా కూర్చోవాలని నానా అవస్థా పడుతున్నాడు. ముందు మూడుకాళ్ల స్టాండు, దానిమీద అరువు తెచ్చిన కెమెరా. కెమెరాకి ఎదురుగా మందారకొమ్మకి వేలాడదీసిన దగ్గుమందు సీసా. సీసాలో పంచదార నీళ్లు. మూతి చుట్టూ ఎర్రగుడ్డ పీలిక.

పిట్ట వచ్చింది.

ముందు గోడమీద వాలింది. బొటనవేలంత పిట్ట. ఎండ పడితే నీలం, నీడ పడితే నలుపు. సింహాచలం ఊపిరి బిగబట్టాడు. గోడమీంచి మందారం పైకొమ్మకి వచ్చింది. వంపు తిరిగిన సన్నటి ముక్కు అటూ ఇటూ తిప్పింది. అక్కణ్ణించి సీసాకి రెండు జానెల దూరంలోకి దిగింది.

సింహాచలం కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది. వేలు ముందుకి చాచుకుంది.

"హోమ్ సిగ్నల్ పచ్చ!" అని పెరడు అదిరేలా అరిచాడు.

పిట్ట లేదు. కొమ్మ మాత్రం ఊగుతోంది.

"ఓరి నాయనో!" అని నెత్తి కొట్టుకుని, లేచి, కుర్చీ చుట్టూ తిరిగి మళ్లీ కూర్చున్నాడు.

ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కంటబడగానే డ్రైవరు చెయ్యెత్తి చూపించి, అది ఏ సిగ్నలో ఏ రంగో గట్టిగా పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి అనాలి. ఇద్దరి నోటా పలికితే తప్ప చూసింది చూసినట్టు కాదు. నిద్రమత్తులో, పొగమంచులో ఎన్నో ప్రాణాలు కాపాడే అలవాటు అది. సింహాచలానికి అది ఎంత జీర్ణించుకుపోయిందంటే నిద్రలో కూడా "డిస్టెంట్ పచ్చ!" అని అరిచేవాడు. ఎవరో ఒకరు తిరిగి అనేదాకా ఆ నిద్ర స్థిమితపడేది కాదు. అందుకని భార్య రత్నం వంటింట్లోంచే, చేతిలో పని ఆపకుండా, "పచ్చ" అని మెల్లిగా అనేది. అప్పుడతను అటు తిరిగి పడుకునేవాడు.

గోడవతల నుంచి నవ్వు వినబడింది. పక్క క్వార్టరు సిరిల్. అతనూ రిటైరైనవాడే, గార్డు. ఒకే బండికి ముందు సింహాచలం, వెనక సిరిల్ ఏళ్ల తరబడి తిరిగారు. ఈ కెమెరా సిరిల్‌దే. రైళ్ల ఫోటోలు తియ్యడం అతని పిచ్చి.

"ఏరా సిమ్మాసెలం, హోమ్ సిగ్నల్ పచ్చ అంటే బండి లోపలికి రావాల గానీ ఎల్లిపోనాదేటి?"

"నోర్ముయ్యిరా. నీ కెమెరా సప్పుడికే ఎల్లిపోనాది."

"నా కెమెరా నొక్కితే కదా సప్పుడు! అయినా ఆ ఎర్రగుడ్డ ఏటది? జెండాయేనా?"

అది జెండాయే. డ్యూటీ పెట్టెలో మిగిలిన పాత ఎర్ర జెండా చింపి కట్టాడు సింహాచలం. హమ్మింగ్‌బర్డుకి ఎరుపంటే ఇష్టమని సిరిలే ఫోన్లో వీడియో చూపించాడు. ఆ వీడియోలో పిట్ట గాలిలో నిలబడి సీసాలోంచి తాగుతుంది, పక్కన ఒకామె నవ్వుతూ కాఫీ తాగుతుంది.

"ఎర్ర జెండా సూపిస్తే ఏ పిట్టయినా ఆగిపోద్ది గానీ ఒస్తాదేట్రా? క్యా డ్రైవర్ సాబ్, రూల్సు మరిసిపోనావా?" అని సిరిల్ గోడమీద చరిచి మరీ నవ్వాడు.

వెనక గుమ్మం దగ్గర చేపలు తూస్తున్న ఇంద్రాణి దీదీ కూడా నవ్వింది. అది హమ్మింగ్‌బర్డు కాదనీ, తమ బెంగాలీలో మౌటుసి అంటారనీ, దానికి సీసా అక్కర్లేదు, పువ్వులుంటే చాలనీ చెప్పింది. సిరిల్ ఒప్పుకోలేదు. వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే రత్నం చేపలు పళ్లెంలో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఆ పిట్టకి ఏ పేరూ పెట్టలేదు. "ఆ పిట్ట" అంటుంది, అంతే.

ఆ ఫోటో అడిగింది రత్నమే.

క్వార్టరు ఖాళీ చెయ్యడానికి రైల్వే ఇచ్చిన గడువు నెలాఖరుతో సరి. కొడుకు పేరు ఫణీంద్ర, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతను ఇందా అనే పేటలో మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. అందరూ అక్కడికే. లిఫ్టు ఉంది, నీళ్లకి ఇబ్బంది లేదు, బాల్కనీ మాత్రం రెండు చేతులు చాస్తే అయిపోతుంది. సామాన్లు మూటలు కడుతున్న రోజుల్లో సింహాచలం అడిగాడు.

"ఇక్కణ్ణించి ఏటేటి కావాలో సెప్పు. తరవాత మరిసిపోనానంటే నాను మళ్లీ రాలేను."

రత్నం మూట ముడి బిగించింది. "ఆ పిట్ట ఫోటో ఒకటి తీసి ఎట్టండి. అక్కడ గోడకి తగిలించుకుంతాను" అంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం సింహాచలం ఎరగడు. చీర కొంటే కట్టుకునేది, కొనకపోతే ఊరుకునేది. ఇప్పుడడిగింది. అదీ రూపాయి ఖర్చు లేనిది. ఓస్, పిట్టే కదా అనుకున్నాడు. అంతలేసి బళ్లు నడిపినవాడికి ఇదొక లెక్కా!

లెక్కే అయింది. సీసా కడితే మొదట చీమలు వచ్చాయి. తరవాత కందిరీగలు. ఆ తరవాత పికిలిపిట్టలు గుంపుగా వచ్చి సీసా తలకిందులు చేశాయి. ఆ నీలం పిట్ట వచ్చినప్పుడల్లా ఇతని చెయ్యి లేచేది, నోరు తెరుచుకునేది. ఒకసారి "డిస్టెంట్" అనేసరికే పారిపోయింది. ఇంకోసారి నోరు అదిమిపెట్టుకున్నాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. కెమెరాలో అన్నీ ఖాళీ కొమ్మలే. లేదంటే తీగమీద కూర్చునే ఒక మట్టిరంగు పిట్ట. పొట్టకింద ఇంత పసుపు, అంతకు మించి చూడ్డానికేమీ లేదు. అది ఎప్పుడూ ఆ పరిసరాల్లోనే తచ్చాడేది, కెమెరాకి అడ్డం వచ్చేది. "నీ మొకానికి ఫోటో ఒకటా" అని విసుక్కుని ఆ బొమ్మలన్నీ చెరిపేసేవాడు.

మధ్యమధ్యలో ఊరికే ఉండలేక సామాన్లు సర్దేవాడు. బట్టలారేసే ఇనపతీగ విప్పబోతే రత్నం వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అది ముట్టుకోకండి."

"మంచి తీగే. అక్కడ పనికొస్తాది."

"అది ఇక్కడే ఉండనీండి."

తీగ చివర, చూరు కింద, ఏదో చెత్త వేలాడుతోంది. ఎండుటాకులు, సాలెగూడు, చిత్తుకాగితం ముక్క. మొన్నటి కాలబైశాఖి గాలివానకి ఎగిరొచ్చి చిక్కుకుంది కాబోలు. దులిపేద్దామని చీపురు తీస్తే రత్నం చీపురు కూడా లాక్కుంది. ఆడాళ్ల సెంటిమెంట్లు అనుకుని సింహాచలం పటకారు తీసుకుని ఇంకో మూల తీగ విప్పడానికి పోయాడు.

సిరిల్ ఇంకో ఉపాయం చెప్పాడు. "నా స్కూటరు అద్దంతో రోజూ యుద్ధం సేస్తాదిరా అది. అద్దంలో ఇంకో మొగపిట్ట ఉన్నాదనుకుంతాది. అద్దం ఎట్టు, దానంతటదే ఒస్తాది. నువ్వు మాత్రం నోరు ఎత్తకు. నీకు దండం ఎడతాను."

అద్దం విప్పి తెచ్చి మందారకొమ్మకి కట్టారు. పిట్ట నిజంగానే వచ్చింది. అద్దంలో తన నీడ చూసి రెచ్చిపోయింది. రెక్కలు కొట్టుకుంటూ, ముక్కుతో టకటకా పొడుస్తూ, లోకం మరిచిపోయి పోట్లాడుతోంది. ఇంత తీరిగ్గా, ఇంత దగ్గరగా ఎప్పుడూ దొరకలేదు. సింహాచలం కన్ను కెమెరాకి ఆనించాడు. మెడ దగ్గర ఊదారంగు మెరుపు కూడా కనిపించింది. రత్నం గోడకి ఇది తగిలిస్తే...

"ఒచ్చీసినాడు! ఒచ్చీసినాడు!"

అరుపుతోపాటు లేచిన చెయ్యి స్టాండుని మందారకొమ్మ మీదికి తోసేసింది. కెమెరాని సిరిల్ గోడ దూకి పట్టుకున్నాడు. అద్దం పట్టుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. గచ్చు మీద పడి పగిలింది.

"నీతో బండి నడిపిన అసిస్టెంట్లకి చెవుడు రాలేదేట్రా?" అన్నాడు సిరిల్, కెమెరాని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని. ఆ రోజు ఇంకేమీ అనలేదు. అదే సింహాచలానికి గుచ్చుకుంది.

ఆ తరవాత పిట్ట రావడం మానేసింది.

సింహాచలానికి తిండి సయించలేదు. పొద్దున్నే పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి, వీధిలోంచి మళ్లీ పెరట్లోకి. బోగదా పేట వైపు స్కూటరేసుకుని పోయి ఎర్రపూల మొక్కలు రెండు తెచ్చి కుండీల్లో పెట్టాడు. ఇంద్రాణి దీదీని పిలిచి, మీ పేటలో మౌటుసి కనబడిందా అని అడిగాడు. చివరికి ఫోన్లో ఆ పిట్ట కూత వెతికి పట్టి, చిన్న స్పీకరుకి తగిలించి, జామకొమ్మల్లో పెట్టి పూర్తి సౌండులో పెట్టాడు. చీవిట్, చీవిట్, చీవిట్. మధ్యాహ్నం ఎండలో కాలనీ అంతా అదే మోత. ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు.

రత్నం వచ్చి స్పీకరు ఆపేసింది. కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"అది ఎందుకు ఒస్తాదండీ ఈ గోలకి?"

"పిలిస్తే రాదేటి? దాని బాసలోనే పిలుస్తున్నాను."

"మీరు పడుకున్న పగలు ఎప్పుడయినా నాను గట్టిగా దగ్గినానేటి?"

ఈ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో సింహాచలానికి అర్థం కాలేదు.

"రాత్రంతా బండి నడిపి ఒచ్చి పొద్దుట పడుకునీవోరు. మళ్లీ కాల్ ఒస్తే ఎల్లిపోవాల. నిద్దర సాలకపోతే అక్కడ లైన్ మీద ఏటవుద్దో అని నాకు బయ్యం. ఈ ఇంట్లో పగలు కుక్కర్ ఎట్టనేదు, విజిల్ ఒస్తాదని. కూరగాయలోడికి సైగ సేసీదాన్ని, అరవకుండా. గుంటలు ఏడిస్తే సంకనేసుకుని ఈ పెరట్లోకి ఒచ్చీసేదాన్ని. వోళ్లు బడికి పోతే నాను ఒక్కదాన్నే. మాటాడ్డానికి మనిషి నేడు, మాటాడకూడదు కూడా. అప్పుడు ఇది ఒచ్చీది. అదేనో, దాని పిల్లో, పిల్ల పిల్లో, నాకేటి తెలుసు. నాను నోట్లో నోట్లో మాటాడీదాన్ని, అది ఇనీది. సప్పుడు నేని పెరడు కాబట్టే అది ఒచ్చింది. ఇప్పుడు మీరే తగిలీసినారు."

ఆమె గొంతు పెంచలేదు. ఎప్పుడూ మాట్లాడినట్టే, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టే మాట్లాడింది. ఆమె గొంతే అంత అనుకున్నాడు సింహాచలం ఇన్నాళ్లూ.

బయటూళ్లలో డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూముల్లో అతనికి ఏనాడూ సరిగా నిద్ర పట్టలేదు. ఒకడు తలుపు వేస్తాడు, ఒకడు బూట్లు విసురుతాడు. ఇంట్లో మాత్రం తల పెడితే చాలు, మైకం కమ్మినట్టు పట్టేది. "మా క్వార్టరు గాలే వేరు" అని సిరిల్‌తో గొప్పలు కూడా చెప్పాడు. ఆ గాలి ఎవరు కాపలా కాశారో అడగలేదు. లేచి, జామకొమ్మల్లోంచి స్పీకరు తీసి, వైరు చుట్టి, ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

లారీ ఎల్లుండి వస్తుంది.

మర్నాడు పొద్దున సీసా విప్పేశాడు. ఎర్రగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మందారం నిండా పూలున్నాయి, అవి చాలని ఇంద్రాణి దీదీ అంది కదా. కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. కాలు ఆడబోతే రెండో కాలితో తొక్కిపట్టాడు. నోటికి జేబురుమాలు కట్టుకున్నాడు. కాకి వాలితే రుమాలులోంచే "మ్మ్!" అన్నాడు. నోరు తన మాట వినదని తేలిపోయింది.

రత్నం లోపల ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లు మండకుండా ఆమె నోటినిండా నీళ్లు పోసుకుని తరుగుతుంది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది. గుమ్మంలోంచి ఇతని అవస్థ చూసింది. నోట్లో నీళ్లు తొట్లో ఉమ్మేసి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని వచ్చింది.

"నోటినిండా పోసుకోండి. మింగకండి."

"ఇదేటే, సిన్నపిల్లల ఆట?"

"పోసుకోండి."

పోసుకున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బాయి. సిరిల్ గోడమీంచి తల పెట్టి ఏదో అనబోయి, రత్నం చూసిన చూపుకి తల దించేసుకున్నాడు. ఆమె లోపల్నించి పీట తెచ్చి కుర్చీకి కుడిపక్కన వేసుకుని కూర్చుంది.

వాళ్లిద్దరూ పగటిపూట అలా పక్కపక్కన ఊరికే కూర్చోవడం ఎప్పుడూ జరిగినట్టు లేదు. సాలువా వైపు నుంచి మబ్బు లేస్తోంది. యార్డులో షంటింగు చప్పుడు వినబడుతోంది. వ్యాగన్ల బఫర్లు ఒకదానికొకటి తగులుతూ ఎక్కడో దూరంగా ఆగిపోయాయి. సింహాచలం వేళ్లు తొడమీద దరువు వేస్తున్నాయి. బుగ్గలు నొప్పి పెడుతున్నాయి. ముక్కుతో ఊపిరి తీస్తుంటే ఇంజన్ శబ్దం వస్తోంది. ఇంకెంతసేపు? రాకపోతే? రేపటితో సరి. గాలి లేస్తే అసలు రాదు. లేచి ఒక్కసారి గోడవతల చూసి వస్తే...

గోడమీద నీలం మెరిసింది.

పైకొమ్మ. కిందికొమ్మ. మందారప్పువ్వు అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడి లోపలికి ముక్కు పెట్టింది.

సింహాచలం చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని రత్నం మణికట్టు దగ్గర ఒడిసి పట్టుకుంది. గట్టిగా, రెండు చేతులతో. నోరు తెరుచుకోబోయింది, నీళ్లు అడ్డుపడ్డాయి. పిట్ట ఒక పువ్వు తాగింది. రెండో పువ్వు తాగింది. ఇతను చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. అరుస్తాడేమో, చెయ్యెత్తుతాడేమో అని ఇంకా బిగించింది. పిట్ట మూడో పువ్వు దగ్గర ఒక్క క్షణం గాలిలో నిలబడింది, వీడియోలో పిట్టలాగే. తరవాత తన దారిన తాను, ఎవరూ తరమకుండానే, ఎగిరిపోయింది.

సింహాచలం గుటుక్కున నీళ్లన్నీ మింగేశాడు.

"నా సెయ్యి ఒగ్గితే కదే నొక్కడానికి!"

రత్నం తన చేతుల్లో ఉన్న చేతిని చూసుకుంది. కెమెరా మీట ఉండేది కుడిపక్కనే. ఇంతసేపూ పట్టుకున్నది ఆ కుడిచెయ్యే. ఆమెకి నవ్వొచ్చింది. ఎప్పటిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, మరిచిపోయి, పైకే నవ్వేసింది. పెరడంతా వినబడేట్టు, గోడవతల సిరిల్ ఉలిక్కిపడేట్టు నవ్వింది. ఆ నవ్వు ఇలా ఉంటుందని సింహాచలానికి తెలియదు. మింగిన నీళ్లు పొలమారి దగ్గుతూ అలా చూస్తూండిపోయాడు.

నవ్వు మధ్యలో ఆమె ఆగి, గడ్డంతో చూరు కిందికి చూపించింది.

"అదిగో. అది ఎల్లనేదు."

తీగమీద ఆ మట్టిరంగు పిట్ట. ముక్కున సాలెగూటి పోగు ఒకటి పట్టుకుంది. చెత్త అనుకున్నదాని దగ్గరకి ఎగిరి, పోగు అంటించి, పక్కనున్న చిన్న రంధ్రంలో తల దూర్చి చూసి, మళ్లీ వచ్చి తీగమీద కూర్చుంది. గూడు పనిమీద ఉన్నదానికి ఎవరి నవ్వూ పట్టలేదు.

"ఇదా?" అన్నాడు సింహాచలం. "నువ్వడిగినది ఇదా?"

"మరి? ఆ నీలంది మొగది. ఒస్తాడు, తాగుతాడు, పోతాడు. గూడు కట్టీది, పొదిగీది, పగలంతా ఇక్కడ ఉండీది ఇదే కదా. నాను మాటాడీది దీంతోనే."

"సెప్పొచ్చు కదే!"

"ఆ పిట్ట అన్నాను కదా. మీరు ఒక్క ఫోటో అయినా నాకు సూపించినారేటి?"

చూపించలేదు. ఎన్ని బొమ్మలు చెరిపేశాడో సింహాచలం వేళ్లమీద లెక్కపెట్టబోయి మానేశాడు. ఆమె తీగ ముట్టుకోనివ్వనిది ఎందుకో, చీపురు లాక్కున్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. తీగ ఇక్కడే ఉంటుంది. తరవాత వచ్చేవాళ్లు బట్టలారేసుకుంటారో విప్పేస్తారో, అది తన చేతిలో లేదు. వచ్చేవాళ్లెవరో కనుక్కుని ఒక మాట చెప్పాలి. ఈ సాయంత్రమే వెళ్లి చెప్పాలి.

ముందు ఇది. కెమెరా చూరు వైపు తిప్పాడు. చెయ్యి ఈసారి పైకి లేవలేదు. నొక్కాడు. ఆ చిన్న చప్పుడికి పిట్ట తల ఇటు తిప్పి చూసింది, కదల్లేదు.

"పచ్చ" అన్నాడు సింహాచలం, దాదాపు తనకే వినబడనంతగా.

"పచ్చ" అంది రత్నం పక్కనుంచి.

బొమ్మ తీసి చూపిస్తే ఆమె కెమెరా కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. పసుపు పొట్ట బాగా వచ్చింది. కన్ను నల్లపూసలా వచ్చింది. తీగ కూడా వచ్చింది.

"ముక్కు కొస తెగిపోనాదండి" అంది.

నిజమే. వంపు తిరిగిన ముక్కు చివర, సాలెపోగు పట్టుకునే ఆ కొస, బొమ్మ అంచు బయట ఉండిపోయింది.

మబ్బు ఇంకాస్త పైకి లేచింది. జామాకులు తిరగబడుతున్నాయి. గాలి వచ్చేలోపు ఇంకో పోగు పట్టుకుని అది తిరిగి రావాలి. సింహాచలం గ్లాసు అందుకుని, మిగిలిన నీళ్లు నోటినిండా పోసుకున్నాడు. రత్నం పీట తీసి, కుర్చీకి ఈసారి ఎడమపక్కన వేసుకుని కూర్చుంది. కాలుతోపాటు ఆడుతున్న అతని ఎడమచెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.